గిరిజా మేడమ్ తెరిపించిన రెండో విండో

రాతి బల్ల మీద స్టీలు గ్లాసు టక్కుమన్న చప్పుడు వింటే నాకు ఇప్పటికీ గిరిజా మేడమ్ గుర్తొస్తారు. ఈ ఉదయం బ్రూక్‌ఫీల్డ్‌లో, నిలబడి తినే హోటల్లో, ముక్కూమొహం తెలియని మనిషొకడు కాఫీ పట్టుకొచ్చి, "ఇక్కడ పెట్టుకోవచ్చా సార్?" అన్నాడు. నా ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపాను. అలా జాగా ఇవ్వడంలో ఎంత ఉందో నాకు నేర్పింది ఆవిడే.

అప్పట్లో మా కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. అందులో తప్పులు పట్టడం నా పని. నర్సు ఒక రోగి పేరు తెరవగానే, ఆ రోగికి పడని మందులు ఎర్రటి అక్షరాల్లో కనిపించాలి. నర్సు పేరుతో లాగిన్ అయి చూస్తే ఆ చోటు ఖాళీగా ఉంది. ఫిర్యాదు రాశాను. ప్రాజెక్టు లీడ్ వినయ్ తన కంప్యూటర్లో చూసుకుని, "మా దగ్గర బాగానే వస్తోంది" అని దాన్ని మూసేశాడు. మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూశాడు. చివరికి మీటింగులో అందరి ముందూ లాగౌట్ చేసి, నర్సు పేరుతో లాగిన్ అయి చూపించాను. "మధ్యలో ఏదో సెట్టింగు మార్చి ఉంటావు బాస్. ముందు కళ్ళద్దాలు మార్చుకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ వారాంతంలోనే సాఫ్ట్‌వేర్ ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. ఎవరో నర్సు ఆ ఖాళీ చూసి, ఈ రోగికి పడని మందేదీ లేదనుకుంటుంది.

మా ఆఫీసు కంప్యూటర్లన్నిటి బాధ్యత గిరిజా మేడమ్‌ది. ఆవిడవాళ్ళు ఈ కన్నడ నగరపు పాతబస్తీ నగర్తపేటలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళు. నన్ను చూడగానే, "వచ్చినాడప్పా కంప్లైంట్ రాజా!" అనేవారు. ఆ పేరు ఆఫీసంతా పాకింది ఆవిడవల్లే. ఆ విషయంలో ఆవిడను నేను క్షమించలేదు. కానీ నేను చెప్పింది చివరిదాకా విన్నది కూడా ఆవిడొక్కరే. విని, రాతి బల్లల దగ్గర నిలబడి తినే హోటల్‌కు కాఫీకి తీసుకెళ్ళారు.

"వినయ్‌ది అన్ని అధికారాలూ ఉండే లాగిన్ గదప్పా, వానికి అంతా కనిపిస్తాది. నువ్వు బయటికి పోయి ఇంకో పేరుతో వస్తే వాడు యాడ నమ్ముతాడు? రెండూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టు."

"ఒకే డెస్క్‌టాప్ మీద ఇద్దరెలా వస్తారు మేడమ్?"

ఆవిడ తన గ్లాసు నా పళ్ళెం పక్కన టక్కున పెట్టారు. "ఇట్లా. బల్ల నీది. నర్సు పేరుతో ప్రోగ్రామ్ నడిపితే, దాని విండో నీ బల్ల మీద పెట్టుకునేకి నీ పర్మిషన్ కావాల. నువ్వు జరిగి జాగా ఇయ్యాల. అంతే."

సీటుకొచ్చి ప్రయత్నిస్తే, స్క్రీన్ వాడుకునే అనుమతి లేదని ఒకటే మొరాయింపు. విసిగిపోయి ఎవరొచ్చినా సరేనని అనుమతి ఇచ్చేశాను. విండో తెరుచుకుంది! గర్వంగా మేడమ్‌ను పిలిచాను. చూసి తల కొట్టుకున్నారు.

"ఊరందరికీ జాగా ఇచ్చినావు కదయ్యా! ఇంక ఎవడైనా వచ్చి నీ తెర మీద కూర్చుంటాడు, నువ్వు కొట్టే పాస్‌వర్డ్ కూడా చూస్తాడు. అడిగినోనికి మాత్రం ఇయ్యి!"

అనుమతి వెనక్కి తీసుకుని, నర్సు పేరుకొక్కదానికే ఇచ్చాను. ఏ విండో ఎవరిదో తికమక పడకుండా నర్సు విండోకు గులాబీ రంగు అంచు పెట్టించారు.

మర్నాడు మీటింగులో నా కంప్యూటర్ జోలికే పోలేదు. వినయ్‌దే వాడాను. అతని లాగిన్, అతని డెస్క్‌టాప్, అనుమతి కూడా అతని చేతే ఇప్పించాను. అతని విండో పక్కన గులాబీ అంచు విండో తెరుచుకుంది. రెండింటిలోనూ ఒకే రోగి పేరు కొట్టాను. అతని విండోలో ఎర్రటి అక్షరాలు. పక్కదానిలో ఖాళీ.

"ఇప్పుడు మధ్యలో ఏ సెట్టింగు మారింది బాస్?" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పడని మందుల ఫైలు చదివే అనుమతి నర్సు లాగిన్‌కు ఇవ్వడం మరిచారని తేలింది. చదవలేకపోయిన ప్రోగ్రామ్ ఆ మాట చెప్పకుండా ఖాళీ చూపించేది. డెలివరీ ఆగింది. సాయంత్రానికల్లా గులాబీ అంచు లోపల ఎర్రటి అక్షరాలు వెలిగాయి. అంత అందమైన ఎరుపు నేను మళ్ళీ చూడలేదు.

మేడమ్ ఒక్క మెచ్చుకోలు మాటైనా అనలేదు. "కంప్లైంట్ రాజా, కాఫీకి వస్తావా లేదా?" అన్నారంతే. అది కూడా నాకు గుర్తుంది.

ఇప్పుడు టెస్టింగ్ టీమంతా నా కింద ఉంది. ఆ గులాబీ అంచు విండో రోజంతా నా తెర మీద ఉంటుంది. ఎవరైనా "మా దగ్గర బాగానే వస్తోంది" అంటే, ఒంగోలువాణ్ణయినా నా నోట ఆవిడ యాసే వస్తుంది: "ఎవరి పేరుతో చూసినావప్పా?"

వినయ్ ఆనాడు మీటింగులో అన్న మాట ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు. నేనూ కళ్ళద్దాలు మార్చలేదు.