రాజుగారు క్లిప్‌స్టైన్ గారికే రాసేవారు

మా విదేశాంగ కచేరీలో ఓట్మార్ క్లిప్‌స్టైన్ గారికి ఒక్కటే పిచ్చి. కాగితాల అంచున రాజుగారు రాసే ప్రతి ముక్కా తనకే రాశారనుకునేవారు.

ఏ దేశానికి ఎవరిని పంపాలన్నా మా వెర్నింగ్‌బర్గ్ రాజుగారే చదివి సంతకం పెట్టాలి. ఆయనకు చూపు తక్కువ, పంతం ఎక్కువ. ఇంకొకరు చదివి వినిపిస్తామంటే ఒప్పుకోరు. అందుకే నియామకపత్రాలన్నీ చిక్కటి నల్లసిరాతో క్లిప్‌స్టైన్ గారే రాసి పంపేవారు.

"నిన్న రాజుగారు నాతో 'సరే' అన్నారోయ్!"

"మీతోనా? వియన్నా రాయబారి గురించి కదండీ?"

"కాగితం రాసిందెవరు? నేను. మరి జవాబెవరికిస్తారు?"

ఒకసారి "ఈ గాడిదనా?" అని రాసి వచ్చింది. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన మాత్రం, "ఎంత చనువుంటే అలా అంటారు!" అని పొంగిపోయారు.

పెళ్ళి లేదు, పిల్లల్లేరు. పోస్టుమాన్‌కి ఆయన ఇల్లెక్కడో తెలియదు. ఆదివారాలు కచేరీ గేటు దాకా నడిచొచ్చి, తాళం చూసి వెళ్ళిపోయేవారు.

ఆ ఆగస్టులో మా కచేరీ గుమాస్తా ఏగిడ్ రోట్‌ని సముద్రాల అవతలి వెరాక్రూజ్ రేవుకి కాన్సల్‌గా, అంటే అక్కడ మా దేశపు ప్రతినిధిగా వేశారు. అంతకుముందు వెళ్ళిన ముగ్గురూ పచ్చజ్వరంతో అక్కడే పోయారు. రోట్ భార్యకి ఎనిమిదో నెల. ఎంత బతిమాలినా మంత్రి వినలేదు. రాజుగారు వేటకి బయల్దేరేలోగా సంతకమైతే రోట్ ఓడెక్కాల్సిందే.

ఆ పత్రం రాసే పొద్దున క్లిప్‌స్టైన్ గారు సిరాబుడ్డిలో నీళ్ళు పోస్తుంటే చూశాను.

"అదేంటండీ?"

"చిక్కగా ఉందిలే. నీ పని చూసుకో."

మూడో రోజు కాగితం తిరిగొచ్చింది. అప్పటికే రాజుగారు అడవిలో ఉన్నారు; వేటలో ఉండగా ఆయన ఏ కాగితమూ ముట్టరు. అంచున ఇలా ఉంది: "ఒక్క అక్షరం కనబడలేదు. ఈ రాసినవాడి చేతిరాత మళ్ళీ నా కంట పడకూడదు."

వేట నవంబరు దాకా సాగింది. ఈలోగా ఎవరో బ్రహ్మచారి కెప్టెన్ ఆ రేవే కావాలని అర్జీ పెట్టుకున్నాడు; రాజుగారు తిరిగొచ్చి సంతకం పెట్టాక అతనే వెళ్ళాడు. రోట్‌కి కూతురు పుట్టింది. క్లిప్‌స్టైన్ గారిని కవర్లు అంటించే మూలకి నెట్టేశారు.

ఓ మధ్యాహ్నం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"రోట్‌కి చెప్పనా?"

"చెప్పావంటే నీతో మాట్లాడను."

"ఇక రాజుగారు మీకు రాయరు కదండీ."

ఆయన ఓ కవరు మూత నొక్కి పక్కన పెట్టారు.

"ఇన్నేళ్ళూ, అవి నాకు కాదేమోనని లోలోపల అనుమానంగానే ఉండేదోయ్," అన్నారు జిగురు వేళ్ళతో మీసం సవరించుకుంటూ. "ఆఖరిది మాత్రం అచ్చంగా నాకే!"