కళ్ళు గీయని నాయనమ్మ

మా కోడలు ఆదివారాలు మసీదు పక్క గదిలో చిన్నపిల్లలకు దీన్ పాఠాలు, అంటే మత ధర్మాలు చెబుతుంది. పుస్తకం తెరిస్తే వాళ్ళు ఆవులిస్తున్నారని లాప్‌టాప్‌లో చిన్న చిన్న బొమ్మల కథలు చేయడం మొదలుపెట్టింది. మొదటిది అన్నం తినే పద్ధతి మీద. చేతులు కడుక్కోవడం, బిస్మిల్లా అనడం, కుడిచేత్తో తినడం, మెతుకు పారేయకపోవడం. అందులో నాయనమ్మ గొంతు మా ఆవిడది. వంటగదిలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఫోన్‌లోకి చెప్పింది. బొమ్మలు పూర్తయ్యేలోపే పోయింది.

ప్రాణమున్నవాటికి ముఖం గీయకూడదని మసీదు పెద్దలు అన్నారు. మా ఆవిడ ఉన్నా అదే అనేది. కోడలు ఒప్పుకుంది. అందుకే తెర మీది నాయనమ్మకు ఆకుపచ్చ చీర ఉంది, తలమీద కొంగుంది, చేతులకు గాజులున్నాయి. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ.

నాలుగేళ్ళ మనవరాలు మధ్యాహ్నం అది పెడితేగాని ముద్ద మింగదు.

"బిస్మిల్లా అన్నావా, నా తల్లీ?" అంటుంది ఆ ఖాళీ.

"అన్నా," అంటుంది పాప.

మొదటిసారి విన్నప్పుడు నేను పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను.

మొన్నొక రోజు పాప అడిగింది. "తాతా, నాయనమ్మ ముఖం ఏమైంది?"

"బొమ్మకి గీయలేదమ్మా. నిజం నాయనమ్మకి ఉండేది."

"నాకు గుర్తు లేదు. ఎట్టా ఉండేది?"

వంటగదిలోంచి కోడలు కేకేసింది. "ఫోటో ఒక్కటన్నా వెతికి చూపించండి మామయ్యా. రోజూ నా ప్రాణం తోడేస్తోంది!"

ఫోటో ఎక్కడిది? కెమెరా కనబడితే ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. పెళ్ళిళ్ళ ఆల్బమ్‌ల నిండా ఆ కొంగే. ఆధార్ కార్డు మీద ఉన్నది నల్లటి మరక.

నేను చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లులో పత్తి నాణ్యత చూసే పని చేశాను. పనిలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. అవన్నీ దింపి వరసగా చదివాను. ఏ ఊరి పత్తి పసుపు తిరిగిందో, ఏ లారీ సరుకులో తేమ ఎక్కువో ఉంది. ఆవిడ సంగతీ ఉంది. 'ఆమెకు జ్వరం.' 'ఆమె మార్టూరు వెళ్ళింది.' 'ఈరోజు ఆమె రోజా ఉపవాసం.' ముఖం గురించి ఒక్క వాక్యం లేదు. రోజూ ఎదురుగా ఉన్నదాన్ని రాసుకోవాలని తోచలేదు.

అయినా పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. నుదురు చిన్నది. నవ్వితే విరిగిన పన్ను కనబడేది. కనుబొమ మీద పుట్టుమచ్చ.

"ఏ కనుబొమ?"

కళ్ళు మూసుకున్నాను. ఆకుపచ్చ చీర వచ్చింది. కొంగు వచ్చింది. గాజులు వచ్చాయి. మా ఆవిడకు అసలు ఆకుపచ్చ చీరే లేదు.

"చెప్పు తాతా!"

"ఎడమ," అన్నాను.

ఆ రోజు డైరీలో ఎడమ కనుబొమ అని రాశాను. మర్నాడు అన్నం దగ్గర పాప తెర మీది ఖాళీలో వేలు పెట్టి, వాళ్ళమ్మకు చూపించింది.

"ఇక్కడ మచ్చ ఉండేది. కదా తాతా?"

అవునన్నాను.