జీపులో ముందు సీటు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులిస్తే చాలు, జమ్మలమడుగు దగ్గర మా అవ్వగారి ఊరికి పోయేవాళ్ళం. ఆ ఊళ్ళో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది జీపు.

మా మామ ఊరి పెద్దాయన వెంట తిరిగేవాడు. పెద్దాయన ప్రొద్దుటూరికి పోయే రోజు జీపు మా ఇంటి ముందు ఆగేది. అవ్వ గబగబా నాకు తల దువ్వి, చర్చికి వేసుకునే గౌను తొడిగి, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది... అది ఎంతకీ అయ్యేది కాదు. నాకేమో జీపు వెళ్ళిపోతుందని తొందర.

ముందు సీటు నాదే, పెద్దాయన ఒళ్ళో. వెనక మామా, ఇంకో నలుగురూ, వాళ్ళ మధ్య ఎవరూ కాలు తగిలించని గోనెసంచి. ప్రొద్దుటూరులో నాకు రోజ్‌మిల్క్. "ఈ పాప లేనిదే నేను బండెక్కనప్పా" అనేవాడు పెద్దాయన. ఆ మాట బడిలో ఎంత గొప్పగా చెప్పుకున్నానో...

మొన్న అమ్మా, అక్కా, అక్క కూతురు మిన్నూ, నేనూ మళ్ళీ ఆ ఊరికి పోయాం. అవ్వ లేదు. పెద్దాయనా లేడు. ఆయన కొడుకు రెండు పార్టీలు మారి ఇప్పుడు మూడో జెండా కింద ఉన్నాడు.

అరుగు మీద కూర్చుని నేను జీపు ముచ్చట్లు మురిసిపోతూ చెబుతుంటే మామ నవ్వాడు.

"నీ మీద ప్రేమనుకుంటివా పాపా? ఆడపిల్ల ముందర కూర్చోనుంటే అవతలోళ్ళు బాంబెయ్యరని ఎక్కిచ్చుకునేది."

వాన పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

గోరుచిక్కుళ్ళు తుంచుతున్న అమ్మ తలెత్తలేదు. అవ్వకు తెలుసా అని అడిగాను. "తెలీకుండా ఎట్లుంటాది... ఆయప్ప చేను చేసుకోని బతికేటోళ్ళం. పంపియ్యమంటే కాదంటామా?" అన్నాడు మామ.

అంత పొడుగు ప్రార్థన ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆడవాళ్ళ జోలికి, పిల్లల జోలికి పోని నీతి ఉండేదని ఫ్యాక్షన్ గురించి గొప్పగా చెబుతారు. ఆ నీతిని అడ్డం పెట్టుకుని, బండి అద్దానికీ తన గుండెకీ మధ్య అయిదేళ్ళ పిల్లను కూర్చోబెట్టుకున్నవాణ్ణి ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మరుసటి రోజు పెద్దాయన కొడుకు కారు మా ఇంటి ముందు ఆగింది. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి, ఊళ్ళో రెండు వర్గాలకూ మళ్ళీ మాటల్లేవు. పులివెందులలో పెళ్ళంట, మామను రమ్మన్నాడు. మిన్నును చూసి, ముందర కూర్చో పాపా, ఐస్‌క్రీం కొనిస్తానన్నాడు. మామ అప్పటికే దాన్ని ఎత్తుకున్నాడు.

నేను లాక్కున్నాను. "దీన్ని పంపం మామా. నన్ను పంపింది చాలు."

మామ మొహం మాడిపోయింది. ఇప్పుడు బాంబులు యాడుండాయి, సదువుకున్నోళ్ళకు అన్నీ అనుమానాలే అని గొణిగాడు. బాంబులు లేకపోతే పాప దేనికని అడిగాను.

ఆ కొడుకు నవ్వేసి, ఎదురింటి వైపు చెయ్యి ఊపాడు. ఆ ఇంటి చిన్నపిల్ల చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి ముందు సీటెక్కింది. ఆపమని వాళ్ళమ్మ దగ్గరికి పోయాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వింది. "పోనీలేమ్మా... కారంటే దానికి శానా ఇష్టం."

సాయంత్రం దాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. పిల్ల క్షేమంగానే వచ్చింది... మళ్ళీ ఎప్పుడు పోదామని ఆయన్ను అడుగుతూ దిగింది.

మా సీమ మారిపోయిందని అందరూ అంటుంటారు. జీపు పోయి ఏసీ కారొచ్చింది, నిజమే... మిమ్మల్ని కూడా సెలవుల్లో ముద్దు చేసి ముందర కూర్చోబెట్టుకున్న పెద్దమనుషులుంటే, ఎందుకో ఒకసారి ఇంట్లో అడగండి. వాళ్ళేం చెప్పారో ఇక్కడ రాయండి.