భయం నేర్పిన కెమిస్ట్రీ సారు

మా కెమిస్ట్రీ సారు పోయారు. మొన్న పొద్దున ఫోన్‌లో వాళ్లింటావిడ పేరు కనిపించింది. ఎత్తకపోతే ఆయన బతికే ఉంటారన్నట్టు కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. "మీ సారు ఇగ లేడు బిడ్డా" అన్నదామె.

బాన్సువాడ కాలేజీలో ఆయన దగ్గర చదివిన వాళ్లందరికీ ఆయన పిరికితనం గుర్తుండే ఉంటుంది. ల్యాబ్‌లోకి రాగానే కిటికీలన్నీ తెరిచేవారు. వానజల్లు కొట్టినా మూయనిచ్చేవారు కాదు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. "నవ్వుండ్రి. భయపడెటోడే యాసిడ్ దగ్గర ముసలోడైతడు" అనేవారు. ఇవాళ నా కళ్లూ చేతులూ బాగున్నాయంటే ఆ భయం పుణ్యమే.

అదే కాలేజీలో పాఠాలు చెబుతూ నేను అల్యూమినియం-గాలి బ్యాటరీ మీద పరిశోధన మొదలుపెట్టాక, రిటైరైన ఆయన రోజూ వచ్చి తలుపు దగ్గర కూర్చునేవారు. ఆమ్లంలో అల్యూమినియం రేకు, ఇంకో పక్క గాలి తగిలే పలక, కరెంటు వస్తుంది. చిక్కేమిటంటే, తీగ కలపకపోయినా ఆమ్లం రేకును తింటూనే ఉంటుంది, హైడ్రోజన్ బుడగలు లేస్తూనే ఉంటాయి. మూసిన గదిలో ఆ వాయువు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. "సిల్వర్ గిన్నెల పులుసు ఉంచొద్దని మీ అవ్వ చెప్పలేదా? గదే ఇది" అనేవారు. మా వైపు అల్యూమినియాన్ని అందరూ సిల్వరే అంటారు, ఆయనా అంతే. పరీక్షలో మేం అలా రాస్తే మాత్రం సున్నా వేసేవారు.

జింకు, మెగ్నీషియం కలిపిన రేకులు తెప్పించాం. మామూలు రేకు కన్నా అవి నెమ్మదిగా తరిగాయి. "ఇవి ఎక్కువ దినాలు ఆగుతయ్ సార్" అని నేను సంబరపడుతుంటే, ఆయన ఒక రేకును వెలుతురుకు పట్టి సూదిబెజ్జమంత చిల్లిని చూపించారు.

"పైకి మంచిగనే కనబడతది బిడ్డా. లోపల ఏమైతుందో దానికే ఎరుక."

కొన్నాళ్లకే ఆయన కడుపులో గడ్డ బయటపడింది.

దవాఖానలో ఆయన నిజంగా భయపడ్డారు. ధైర్యం చెప్పే బంధువుల ముందు నవ్వి, వాళ్లు వెళ్లగానే నా మణికట్టు పట్టుకునేవారు. చివరిసారి వెళ్లినప్పుడు నా మణికట్టు పట్టుకుని అడిగారు.

"ఇంకెన్ని దినాలు ఆగుతది బిడ్డా?"

రేకు గురించి అడగలేదని నాకు తెలుసు.

"కొత్త రేకు మంచిగ ఆగుతది సార్" అన్నాను. "యాసిడ్ పల్చగ చేసినం. బుడగలు తగ్గినయ్..."

ఆపితే మళ్లీ ఏం అడుగుతారోనని చెబుతూనే పోయాను. సారు నా మణికట్టు వదలకుండా, మొదటి బెంచీ పిల్లాడిలా బుద్ధిగా తలూపుతూ విన్నారు.