చాట అడిగిన మధ్యాహ్నాలు

నా చిన్నతనపు నిద్రంతా మగ్గాల చప్పుడులోనే. ఆలేరు దగ్గర మాది సాలోళ్ళ వాడ. మధ్యాహ్నం పూట అమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంటే, పక్కనే చాప మీద పడుకునేదాన్ని. వాడంతా టకటకమంటుంటే కళ్ళు వాటంతటవే మూతపడేవి. ఆ ఎండ, ఆ గంజి వాసన తలుచుకుంటే ఇప్పటికీ మత్తుగా ఉంటుంది.

ఒక్కోసారి ఎదురింటి మగ్గం ఆగేది. దారం తెగి ఆగితే అమ్మ తలెత్తేది కాదు. ఆగిన వెంటనే గిన్నె పడ్డ చప్పుడో, ఏడుపో వినిపిస్తే మాత్రం రాట్నం వదిలేసి, కొంగు దులుపుకుని ఆ ఇంటికి నడిచేది.

"అక్కా, జర శాట ఇస్తవా?" అని గడపలోంచే కేక.

వెనకాలే పక్కింటామె జల్లెడకని, దూదేకులామె అగ్గిపెట్టెకని వచ్చేవాళ్ళు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు ముట్టని కులాల వాళ్ళు కూడా చాటకు మాత్రం వచ్చేవాళ్ళు. ఇంతమంది ముందు ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ ఇంటి మగమహారాజు గొణుక్కుంటూ మళ్ళీ మగ్గం గుంటలోకి దిగేవాడు.

"మన శాట గోడకే ఉన్నది గదనే అమ్మా?" అని ఒకసారి నిద్రమత్తులో అడిగాను.

"ఉంటే ఉండనీ. నోర్మూసుకొని పండు," అంది.

పెద్దయ్యాక నేరమూ న్యాయమూ పాఠం చెప్పే ఉద్యోగం నాది. తెలంగాణ వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్ వైపు పడ్డాను. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ మీద పరిశోధన. ఏ కులంలో ఎవరు అడ్డుపడతారు, ఏ మతంలో ఎవరు నోరు మూయిస్తారు అని ఊరూరా అడగడమే పని. కోస్గి అవతల గొర్ల మంద పక్కన ఒకామెను అడిగాను, కొట్టినప్పుడు ఎవరైనా అడ్డమొచ్చారా అని.

"ఎవలొస్తరు బిడ్డా? ఎవ్వలు రాలే." పక్కకు పోతున్న గొర్రెను అదిలించి, "పక్కింటి సాయిబులామె జల్లెడకొచ్చింది, గంతే," అంది.

నాకు ఆ ఎండలో, ఆ దుమ్ములో, మా వాడ మగ్గాలు వినిపించినట్టయింది.

ఆ తర్వాత జడ్చర్లలో కిరాయికున్నాను. పక్క వాటాలో కొత్త జంట. ఆ పిల్ల మందుల కంపెనీలో పనికి పోయేది. మా ఇంటికొచ్చినప్పుడల్లా గోడకున్న అమ్మ చాటను చూసి, "సంచి బియ్యం తినే మీకు శాటెందుకు మేడం?" అని నవ్వేది. ఒకనాడు ఆమె మోచేతి మీద కమిలిన గుర్తు చూసి చట్టం గురించి ఎత్తాను. "గట్లేం లేదు మేడం," అని లేచిపోయింది. నా చదువు గడప దగ్గరే ఆగిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పుస్తకం గుండెల మీద పెట్టుకుని కునుకు తీస్తున్నాను. పక్కింట్లో టీవీ ఒక్కసారిగా పెద్దదైంది. ఆ మోతలోనే ఏదో పడింది. ఆ పిల్ల కేక సగంలో తెగింది. తలుపు తీసి చూస్తే అంతస్తులో మిగతా తలుపులన్నీ మూసే ఉన్నాయి. కోపం ముంచుకొచ్చింది. కొంగు దులుపుకుని పోయి వాళ్ళ తలుపు బాదాను.

ఆ పిల్ల మొగుడే తీశాడు. "ఏంది మేడం?"

"జర శాట గావాలె."

నా నోట్లోంచి అచ్చం అమ్మ గొంతు వచ్చింది. అడిగి ఊరుకోలేదు. లోపలికి పోయి కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు కూడా అడిగి, గుక్క గుక్కా తాగాను. అతను చెప్పులేసుకుని కిందికి పోయాడు.

ఆ పిల్ల వంటింట్లోంచి ప్లాస్టిక్ చాట తెచ్చింది. పెదవి వాచి ఉంది.

"మీ ఇంట్ల శాట ఉన్నది గదా," అంది మెల్లగా.

నేను చాట అందుకున్నాను. ఆమె అటువైపు పట్టు వదల్లేదు.

"రేపు గూడ రా అక్కా," అంది.