డాక్టరమ్మ కారుకు సగం టాపు

పోయిన నెల పెర్కిట్ చౌరస్తా దగ్గరి పెట్రోలు బంకులో మా కోడలు స్కూటీకి పెట్రోలు పోయించుకుంటూ ఉండగా పక్కన ఎర్రటి కారొకటి వచ్చి ఆగింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. సన్నగా తుంపర మొదలయ్యేసరికి నడుపుతున్న అబ్బాయి ఏదో మీట నొక్కాడు, వెనకనుంచి నల్లటి గుడ్డ కప్పు మడతలు విప్పుకుంటూ లేచివచ్చి ముందరి అద్దం మీద కూర్చుంది. ఆ గుడ్డ అద్దాన్ని కలిసేచోట అంచు ఎలా మలిచారో చూద్దామని దగ్గరికి వెళ్లి వేలు పెట్టబోయాను. "పెద్దమ్మా, జర దూరముండు, గీతలు పడ్తయ్" అన్నాడు ఆ అబ్బాయి. తిట్టలేదు, మర్యాదగానే అన్నాడు. అయినా నాకు ఎక్కడో కాలింది. "గిట్లాంటి కారుకే నేనొక టాపు కుట్టిన బిడ్డా" అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. మా కోడలు కూడా నమ్మినట్టు కనిపించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆర్మూరులో నా ఈడువాళ్లు ఎవరైనా ఇది చదివితే, వర్షంలో గొడుగు పట్టుకుని పోయే ఆ పచ్చ కారు వాళ్లకు గుర్తుకు రాకపోదు.

మాది మేరోళ్ల ఇల్లు, కుట్టుపనే బతుకు. బాపు, అంటే మా నాన్న, మొదట్లో అందరిలాగే అంగీలూ లాగులూ కుట్టేవాడు, తర్వాత నిర్మల్ రోడ్డు మీద చిన్న దుకాణం తీసుకుని జీపుల టాపులు కుట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వేల్పూరుకైనా, కమ్మర్‌పల్లికైనా, ఏర్గట్లకైనా జనాన్ని మోసేవి జీపులే, పసుపు మార్కెట్టు నడిచే కాలంలో వాటి పైన బస్తాలు కూడా వేసేవాళ్లు కనుక టాపు ఏడాది తిరక్కుండానే చినిగేది. బాపు కుట్టిన టాపు కారదని డ్రైవర్లందరికీ ఒక నమ్మకం. నేను పదో తరగతి పాసయ్యాక అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టాలి, కానీ నాకు ఆ పని మీద మనసు నిలిచేది కాదు. బాపుకు అన్నం తీసుకుపోయే నెపంతో దుకాణానికి వెళ్లి, ఆయన తింటున్నంతసేపూ ఆ పెద్ద మిషను తొక్కేదాన్ని. మందపాటి గుడ్డ మీద సూది దిగే చప్పుడు, మిషను నూనె వాసన, ఇవంటే నాకెందుకో చెప్పలేనంత ఇష్టం. బాపు వద్దనలేదు. ఐదారేళ్లలో సగం టాపులు నేనే కుట్టాను, పేరు మాత్రం ఆయనది, అది న్యాయమే అనుకునేదాన్ని.

ఒక వేసవిలో బాపుకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దవాఖానలో నెల రోజులు ఉండి ఇంటికి వచ్చాక మాట కొంచెం తేరుకుంది గానీ చెయ్యి లేవలేదు. అప్పుడు మా కాక, అంటే బాపు తమ్ముడు, ఇంటికి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, కానీ అందరి తరఫున తానే ఆలోచించేస్తాడు. "ఇగ దుకాణం ఎవలకన్న ఇచ్చేద్దం అన్నా. ఆడివిల్ల రోడ్డు మీద కూసోని జీపోళ్ల పని చేస్తే రేపు సంబంధం ఎవలిస్తరు?" అన్నాడు. బాపు నా వంక చూడకుండా తల ఊపాడు. కాక మాటకు నాకు కోపం వచ్చింది, అంతే. ఆ తల ఊపడానికి మాత్రం గుండెలో ఏదో విరిగినట్టయింది, ఎందుకంటే నా కుట్టు ఎలాంటిదో కాకకు తెలియదు, బాపుకు తెలుసు.

మర్నాడు పొద్దున బాపు తలగడ కిందినుంచి తాళంచెవి తీసుకుని వెళ్లి దుకాణం తెరిచాను. మూడు వారాలు ఒక్క పనీ రాలేదు. వచ్చిన డ్రైవర్లు లోపలికి తొంగిచూసి, బాపు లేడా అని అడిగి, ఆయన బాగయ్యాకనే వస్తామని పోయేవాళ్లు. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు నన్ను చూడడానికే ఇంకొక చాయ్ చెప్పేవాళ్లేమో అనిపించేది. నేను బాపు పాత పనిముట్లు తోముతూ, కత్తెర సాన పట్టిస్తూ, పని ఉన్నదానిలాగే సాయంత్రం దాకా కూర్చునేదాన్ని.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. ఆవిడ హైదరాబాదు మనిషి, పెళ్లి చేసుకోలేదు, మా ఊళ్లో రెండు మంచాల దవాఖాన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు పురుళ్లు పోయడానికి వెళ్లేది. ఆవిడకు ఒక పాత కారు ఉండేది. బోధన్ వైపు పనిచేసి వెళ్లిపోయిన ఒక ఇంజనీరు దగ్గర కొన్నదట. ఆకుపచ్చ రంగు, రెండు సీట్లు, ఇంజను మోత అర ఫర్లాంగు దూరం నుంచి వినిపించేది. దానికి ఒకప్పుడు ఉన్న మడత టాపును ఎలుకలు కొట్టేశాయి, ఇనుప కమ్ములు తుప్పు పట్టి విరిగిపోయాయి. అందుకని వానాకాలంలో ఆవిడ నడుపుతుంటే పక్క సీట్లో నర్సు ఇద్దరికీ గొడుగు పట్టుకుని కూర్చునేది. ఊరంతా నవ్వేది. కారు అమ్మేసి అంబాసిడర్ కొనుక్కోమని సలహా చెప్పని పెద్దమనిషి లేడు. ఆవిడ వినే రకం కాదు.

పట్నంలో అడిగితే, ఆ టాపు సామాను ఇక దొరకదన్నారట. "నాకు మొత్తం టాపు అక్కర్లేదు. తల తడవకూడదు, మందుల పెట్టె తడవకూడదు. వెనకా పక్కలా ఏమీ లేకపోయినా సరే. చెయ్యగలవా?" అని అడిగింది. బాపు ఉన్నాడా అని అడగలేదు. ఆ ఒక్క కారణానికే, ఏమీ ఆలోచించకుండా, చేస్తానని చెప్పేశాను.

ఇంటికెళ్లి బాపుకు చెప్పాను. "గది మనతోని కాదు. జీపు వేరు, గది వేరు. ఉన్న పేరు పోతది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ పాత చీర ఒకటి తీసుకుపోయి కారు మీద పరిచి, నేనూ నర్సూ చెరొక అంచు పట్టుకుని, సుద్దముక్కతో కొలత గీశాను. ముందు అంచు అద్దం చట్రానికి పట్టాలి, వెనక అంచుకు సీట్ల వెనక ఒక కమాను కావాలి. డాక్టరమ్మ కారుకు కొత్త రంధ్రం ఒక్కటి కూడా వెయ్యొద్దంది. మా వరుసలో నాలుగో దుకాణం వెల్డింగ్ చాచాది. ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, పాత కమ్ములు బిగించిన బోల్టు రంధ్రాలు సీట్ల వెనక అలాగే ఉన్నాయని కనిపెట్టాడు. నీళ్ల గొట్టంలో ఇసుక కూరి, రెండు మూతులూ మూసి, కాల్చి కమానుగా వంచాడు. ఇసుక లేకుండా వంచితే గొట్టం నొక్కుకుపోతుందని నాకు చెబుతూ, "పని చేసేటోడు ఊకె ఉండడు బేటీ, ఊకె ఉన్నోడే మాట్లాడ్తడు" అని చాయ్ హోటల్ వంక చూశాడు.

కొత్త ఖాకీ కాన్వాసు గుడ్డ తెచ్చి, నలుచదరంగా కత్తిరించి, ముందు అంచులో ఇనుప కడ్డీ దూర్చి, అద్దం చట్రానికి కొక్కేలతో తగిలించాను. చూడడానికి చాలా బాగుంది. నాకు గర్వంగా కూడా ఉంది, ఆ సంగతి దాచడం ఎందుకు. డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వేల్పూరు రోడ్డు పట్టింది. ఊరు దాటి వేగం పెంచిందో లేదో టాపు పొంగిన పూరీలాగా లేచింది, కొక్కేలు టపటపమని ఊడిపోయాయి, మొత్తం టాపు వెనక్కి ఎగిరి సైకిలు మీద వస్తున్న ఒక పాలాయన మీద పడింది. ఆయనకు దెబ్బ తగల్లేదు గానీ దాని కిందినుంచి బయటికి వచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు డాక్టరమ్మ తర్వాత కూడా తలుచుకుని నవ్వేది. గుడ్డ మాత్రం ముళ్లకంపలో పడి రెండుగా చినిగింది.

ఆ కబురు మాకన్నా ముందే ఊళ్లోకి వచ్చింది. నేను దుకాణానికి వచ్చేసరికి కాక ఉన్నాడు, ఆయన పక్కన మా దుకాణం అద్దెకు తీసుకోవాలనుకుంటున్న మనిషి ఒకాయన.

"అయ్యింది గద నీ ముచ్చట. తాళంచెవి ఇయ్యి బిడ్డా" అన్నాడు.

"ఇయ్య."

"ఊరంత నవ్వుతున్నరు."

"నవ్వనీ కాకా. టాపు ఎగిరింది, నేను ఎగిరిపోలే. రేపు మళ్ల కుడ్త."

ఆ వచ్చినాయన ముందే అటు తిరిగి నడిచాడు. కాక చుట్టూ జనాన్ని చూసి, తానూ ఆయన వెనకాలే పోయాడు. ఆయన వెళ్లాక షట్టరు సగం దించుకుని ఏడ్చాను. ధైర్యం చెప్పినంత తేలిక కాదు.

డాక్టరమ్మ మర్నాడు వచ్చి, రోగిని గురించి అడిగినట్టుగా, ఎక్కడ తప్పు జరిగిందని మాత్రం అడిగింది. తెలియదన్నాను. తెలుసుకొమ్మని చెప్పి వెళ్లిపోయింది.

ఆ చినిగిన టాపును ఇంటికి తెచ్చి బాపు మంచం మీద పరిచాను. పని చేసిన మనిషి ముందు చెడిపోయిన పని పెడితే ఎంతసేపని చూడకుండా ఉంటాడు. కాసేపటికి ఎడమ చేత్తో ముందు అంచు ఎత్తిపట్టి, "గాలి ఈడికెల్లి దూరింది" అన్నాడు. అంచు చట్రం వెనక తగిలించకూడదు, చట్రం మీదుగా ముందుకు వచ్చి కిందికి మలుచుకోవాలి, అప్పుడు గాలి దాన్ని నొక్కిపట్టుకుంటుంది తప్ప లేపలేదు. నలుచదరం గుడ్డ పనికిరాదు, నడుమ ఉబ్బు ఉండేట్టు రెండు ముక్కలు వంపుగా కోసి కలపాలి, లేకపోతే నీళ్లు నిలుస్తాయి. ఇవన్నీ చెప్పి, వెనక కూడా గుడ్డతో మూసెయ్యమన్నాడు. నేను వద్దన్నాను.

"ఎనక మూస్తే లోపటి గాలి ఎటు పోవాలె బాపూ?"

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు అనిపిస్తుంది, ఆ రోజు నేను నిజంగా ఎదిరించింది కాకను కాదు. బాపు మాట కాదనడం నాకదే మొదటిసారి. ఆయన ఎత్తిపట్టుకున్న అంచు నా చేతికి ఇచ్చాడు. "సరే. కుట్టేది నువ్వు" అన్నాడు.

కొత్త గుడ్డ కొనే స్థితి లేదు. ఏర్గట్లలో ఉన్న మా మేనమామ పసుపు ఆరబెట్టుకునే తాటిపత్రి ఒకటి ఇచ్చాడు, పసుపు పని అయిపోయింది కదా తీసుకుపొమ్మని. మైనం పట్టించిన దళసరి గుడ్డ, ఒక వైపంతా పసుపు మరకలు. ఉతికినా పోలేదు. ఆ వైపు లోపలికి పెట్టి కోశాను. కలిపిన కుట్టు మీద ముందునుంచి వెనకదాకా మంచానికి అల్లే నవారు పట్టీలు వేసి రెండు వరుసలు కుట్టాను, వాటి చివరలకు బకిల్సు పెట్టి వెనక కమానుకు లాగి కట్టేట్టు చేశాను. చాచా కొక్కేలకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాడు. కుట్టు రంధ్రాల్లో నీళ్లు దిగకుండా కొవ్వొత్తి రుద్దుతూ ఉన్నాను, ఒక పక్క కుట్టు ఇంకా మిగిలే ఉంది, అప్పుడే డాక్టరమ్మ కారు వచ్చి ఆగింది. వేల్పూరు అవతల ఒక రైతు ఇంట్లో కాన్పుకు బిడ్డ అడ్డం తిరిగిందట. ఆకాశం నల్లగా ఉంది.

"ఎంతవరకు అయింది?"

"ఒక పక్క ఇంక ఉన్నది మేడం."

"కట్టు. నువ్వు ఎక్కు. నర్సు ఊళ్లో లేదు."

మిగిలిన పక్కను దబ్బనంతో పురికొస వేసి కుట్టి, పట్టీలు బిగించి, మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటగానే వాన అందుకుంది. డాక్టరమ్మ వేగం తగ్గించలేదు. నేను రోడ్డు చూడలేదు, తల పైకెత్తి ఆ రెండు ముక్కలు కలిసిన కుట్టునే చూస్తూ కూర్చున్నాను. గాలి కొట్టినప్పుడల్లా టాపు ఒకసారి బిగుసుకుని మళ్లీ సర్దుకునేది. నీళ్లు నడుమనుంచి రెండు పక్కలకూ జారిపోయేవి. భుజాలు తడిసి ముద్దయ్యాయి, తల తడవలేదు, పెట్టె తడవలేదు. లోపలంతా పచ్చి పసుపు వాసన.

ఆ ఇంట్లో నేను వేడినీళ్లు అందించడం తప్ప చేసిందేమీ లేదు. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకొక అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంది. తిరిగి వస్తూ ఆవిడ ఇంటి దారి పట్టకుండా, చినుకులు పడుతూ ఉండగానే బజారు నడుమనుంచి, చాయ్ హోటల్ ముందునుంచి, నడిచే మనిషంత నెమ్మదిగా కారు పోనిచ్చింది. కాక అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను తల దించుకోలేదు.

మర్నాడు బాపు తనను దుకాణానికి తీసుకుపొమ్మన్నాడు. చాచా రిక్షాలో ఎక్కించుకు వచ్చాడు. డాక్టరమ్మ కారు తెచ్చి ముందు నిలిపింది. బాపు ఎడమ చెయ్యి టాపు మీద వేసి, కుట్టు వెంబడి ఇంచు ఇంచూ తడుముకుంటూ పోయి ఒకచోట ఆగి, "గీడ రెండు కుట్లు తప్పినయ్. ఇప్పి మళ్ల ఎయ్యి" అన్నాడు. దుకాణం మూసే మాట మాత్రం మా ఇంట్లో మళ్లీ రాలేదు.

తర్వాత జీపులు ఒక్కొక్కటిగా వచ్చాయి. దుకాణం మానేస్తేనే పిల్లను చేసుకుంటామన్న సంబంధాన్ని నేనే వద్దన్నాను, మానక్కర్లేదన్న మనిషిని చేసుకున్నాను. కాక మాత్రం ఓడిపోయినట్టు ఎన్నడూ ఒప్పుకోలేదు. తన స్కూటరు సీటు చినిగితే, బతికున్నంతకాలం, నిజామాబాదు దాకా పోయి కుట్టించుకుని వచ్చాడు. ఆ పట్టుదలకు ఇప్పుడు నాకు ఆయనంటే కొంచెం ప్రేమే కలుగుతుంది. డాక్టరమ్మ ముసలితనంలో హైదరాబాదు వెళ్లిపోయింది, కారు ఎవరి చేతుల్లోకి పోయిందో తెలియదు.

ఇప్పుడు జీపులు లేవు. ఆటోల టాపులు తయారై పెట్టెల్లో వస్తాయి, చినిగితే తీసి పారేసి ఇంకొకటి వేస్తారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం ముందు సగం పోయింది, మిగిలిన సగంలో మిషను వేసుకుని ఇప్పటికీ కూర్చుంటాను. ఈ వయసులో ఎందుకని పిల్లలు అడుగుతారు, నేను మిషనుకు నూనె వేసుకుంటూ ఉంటాను. మా వీధి ఆడపిల్లలు పొద్దున్నే బండ్లమీద ఉద్యోగాలకు పోతుంటే ఎవరూ చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి చూడరు, అది చూసి నాకు మనసు నిండుతుంది. ఒక్కటే వెలితి. అప్పుడు నన్ను కుట్టొద్దన్నవాళ్లు ఊరినిండా ఉండేవాళ్లు, వాళ్లందరితో పోట్లాడి కుట్టేదాన్ని. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు, కుట్టిపెట్టమని చినిగినదేదో చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లూ లేరు. పగలంతా రోడ్డు మీద బండ్లు పోతూనే ఉంటాయి, ఒక్కటీ ఆగదు.