ఆళ్లగడ్డలో ఆ దొర బంతి వేసిన రోజు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని నవ్వేవాళ్లు ముందు నా ఎత్తు సంగతి తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్లకే నేను ఆరడుగుల నాలుగంగుళాలు. నంద్యాల బజారులో నడుస్తుంటే పిల్లలు వెంటపడి "తాడిచెట్టు, తాడిచెట్టు" అని అరిచేవాళ్లు. మా ఇంటి వాకిలి మా తాత పెట్టించింది. ఎంత మొనగాడైనా తల వంచి లోపలికి రావాలని కావాలనే పొట్టిగా పెట్టించాడట. మొనగాళ్ల సంగతేమో గానీ, రోజూ తల బొప్పి కట్టేది మాత్రం నాకే. నేను గడప దగ్గరికి వచ్చినప్పుడల్లా మా నాయన లోపలి నుంచి "వంగు" అనేవాడు. వాకిలి కాస్త ఎత్తు పెంచుదామంటే, "తాత పెట్టిన ద్వారబంధం. దాన్ని ముట్టేది లే. నువ్వే వంగు" అనేవాడు. నా పొడుగుకు విలువ ఇచ్చిన చోటు ఒక్కటే, తెల్లదొరలు పెట్టిన మా బడిలోని బాస్కెట్‌బాల్ ఆట. ఆ బడి లైబ్రరీలో ఒక అమెరికా పత్రికలో అచ్చైన బొమ్మ చూశాను. ఒక ఆటగాడు బంతిని ఒంటి చేత్తో, మనం జామకాయ పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. కింద, దుడ్లు తీసుకుని ఆడే ఆటగాళ్లలో అంత పొడుగు మనిషి అరుదని రాశారు. అప్పటి నుంచి ఆయనే నాకు దేవుడు.

యాభైల చివర్లో ఒక శీతాకాలం, ఆ దేవుడే ఆళ్లగడ్డకు వస్తున్నాడని తెలిసి నాకు మతిపోయింది. ఆట మానేశాక మద్రాసు వచ్చి మన పిల్లలకు నేర్పుతున్నాడట. కారులో హైదరాబాదు పోతూ, ఆళ్లగడ్డలో తన శిష్యుడైన డ్రిల్ మాస్టరు మద్దిలేటి మాట కాదనలేక ఒక రోజు ఆగుతాడట. మద్దిలేటి మాకు దూరపు బంధువు, నేను అన్నా అని పిలిచేవాణ్ని. నాకూ మద్రాసు పోయి డ్రిల్ మాస్టరు ట్రైనింగు చేయాలని ఉండేది. నాయనకేమో నన్ను మా చిన్నాయన వేరుశనగ మండీలో కూర్చోబెట్టాలని. ఆ "వంగు" తప్ప ఇద్దరం మూడు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. నేనే పంతం వదిలి దొర సంగతి చెప్పగానే నాయన, "నేనూ వస్తా. బంతాడిన మనిషి ఎట్ల బతుకుతాండాడో కండ్లారా సూస్తా. బాగుంటే పోదువు. ల్యాకుంటే మండీలో కూసుంటావు. మల్ల మాట ల్యా" అన్నాడు. నేను సరే అన్నాను. నా దేవుణ్ని చూస్తే నాయన మాట పడిపోతుందనే నమ్మకం నాది.

పొద్దున ఏడింటి బస్సు ఎక్కాం. తలకు ముప్పావలా. ఇప్పుడైతే గంట లోపు చేరుకుంటారు గానీ, అప్పుడు ఇరవై ఆరు మైళ్ల దారికి రెండు గంటలకు తక్కువ పట్టేది కాదు. బస్సు పైకప్పు నాకు ఎప్పుడూ తక్కువే. మెడ వంచి నిలబడితే కండక్టర్ "ఏమప్పా పొడుగోడా, నీకు అర టికెట్టు జాస్తి కొట్టల్ల" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాయన నవ్వలేదు, కిటికీలోంచి కాలువ గట్టు చూస్తూ కూర్చున్నాడు. శిరివెళ్లలో బస్సు పావుగంట ఆగితే దిగి వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఈ దారిన వెళ్లేవాళ్లు ఇప్పటికైనా అది తినకుండా పోవద్దు. పొట్లం చుడుతున్న ముసలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "యాడికి పోతాండారు నాయనా?" అని అడిగింది. ఆళ్లగడ్డలో ఒక పొడుగు మనిషిని చూడ్డానికి అన్నాను. "నీకన్నా పొడుగోడా! అట్లాంటోడు ఉంటాడా?" అని పొట్లం పట్టుకునే నిలబడిపోయింది.

ఉన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. దొర దిగిన ఆళ్లగడ్డ బంగళా దగ్గరికి మేము చేరేసరికి ఊరంతా కాంపౌండు గోడ మీదే ఉంది. ముందు గుమ్మంలోంచి ఒక చెప్పు బయటికి వచ్చింది. అది మా ఇంట్లో బియ్యం చెరిగే చేటంత ఉంది. ఆ తర్వాత మోకాలు, ఆ తర్వాత వంగిన వీపు, చివరికి తల. ఆ మనిషి నిటారుగా నిలబడేసరికి గోడ మీది జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఇద్దరు అవతల పడ్డారు కూడా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను ఒక మనిషి ముఖం చూడటానికి తల పైకెత్తాను. మెడ ఆ వైపు తిరగడం నాకు అలవాటే లేదు. ఆయన నన్ను చూసి నవ్వి చెయ్యి చాపాడు. నా చెయ్యి మణికట్టు దాకా ఆ చేతిలో మాయమైపోయింది.

బంగళా వంటమనిషి ఖాదర్ సాబ్ ఇంకా ఆ దిగ్భ్రమలోనే ఉన్నాడు. నాయన బీడీ ఇస్తే వెలిగించుకోవడం కూడా మరిచిపోయి చెప్పుకుపోయాడు. "రెండు మంచాలు కలిపేసినా కాళ్లు బయటే అన్నా! కడాకు నేల మీద పండుకున్న్యాడు. పొద్దున జొన్న రొట్టెలు, కోడి కూర పెడితే ఎన్ని తిన్న్యాడో లెక్క తప్పింది. తిన్నంక వంటింట్లోకొచ్చి నాకు దండం పెట్టి పాయె. నలభై ఏండ్ల నుంచి వండుతాండా, ఒక దొర వంటింట్లోకి వచ్చింది నేను సూల్యా." నాయన చివరిదాకా విన్నాడు. పందెం మనదే అని నాకు లోలోపల సంబరంగా ఉంది.

సాయంత్రం మూడింటికి బడి మైదానంలో ఆట. ఆళ్లగడ్డ రాళ్లు చెక్కేవాళ్ల ఊరు కదా, బంతి వేసే బోర్డుకు కర్ర బదులు రాతి కంబం నిలబెట్టారు. కపిల బావిలో ఎద్దులతో నీళ్లు తోడే తోలు బాన మూతికి ఇనప కట్టు ఉంటుంది. అదే ఇక్కడ రింగు. దానికి పురికొసతో అల్లిన వల. మద్దిలేటి ఈల ఊదాడు. దొర బంతిని ఒంటి చేత్తో తీసుకున్నాడు. అదే బొమ్మ, అదే చెయ్యి! నాకు ఒళ్లు పులకరించింది. మోకాళ్లు కొంచెం వంచి వేశాడు. బంతి కట్టు కింది అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. జనం "అయ్యో" అన్నారు. మళ్లీ వేశాడు. పోలేదు. పక్క నుంచి వేశాడు, ఎదుటి నుంచి వేశాడు, దగ్గరికి వచ్చి ఎగిరి వేశాడు. ఎగిరి దిగినప్పుడు మోకాలు పట్టుకుని కాసేపు అలాగే వంగిపోయాడు. ఒక్క బంతి కూడా పడలేదు. జనం గోల తగ్గి, నవ్వులు మొదలై, ఆ తర్వాత నవ్వులు కూడా ఆగిపోయాయి. ఇతనేనా ఆ పత్రికలో రాసిన మనిషి? నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "ఇంగేం సూడాల? మోకాళ్లు పాయె, ఆటా పాయె. నడువ్, బస్సుకు టైమైతాంది" అన్నాడు.

ఆ క్షణంలో నా మద్రాసు నా కళ్ల ముందే పోతోంది. ఏం చేయాలో తోచక, దొర్లుకుంటూ వచ్చిన బంతిని తీసుకుని పరిగెత్తి ఎగిరాను. మా బడిలో ఎగిరితే వల నా అరచేతికి తగిలేది. ఇక్కడ వేలి కొసకు కూడా అందలేదు. మళ్లీ ఎగిరాను. అందలేదు. తల ఎత్తి కంబం వైపు చూస్తే, రాతిలో బోర్డు బిగించిన పాత బొక్కలు కింద కనబడుతున్నాయి, కొత్తగా తొలిచినవి చాలా పైన ఉన్నాయి. "మద్దిలేటన్నా, ఈ కట్టు ఎంత ఎత్తుండాది?" అని అరిచాను.

మద్దిలేటి ఛాతీ విరుచుకుని చెప్పాడు. "పదడుగుల మీద రెండు మూర్లు! నిన్న శిల్పులతో కొత్త బొక్కలు కొట్టించి పైకి ఎక్కిచ్చినాం. ఏమప్పా, అంత మనిషి ఇంత దూరం వస్తే, మనం ఎగిరి అందుకునే ఎత్తు పెడితే ఆయప్పకు మర్యాద ఏముంటాది? పెద్దోళ్లు ఇంటికొస్తే ఎత్తు పీట ఎయ్యమా?"

నాకు నెత్తిన పిడుగు పడినట్టయింది. ప్రపంచమంతా పదడుగులే అన్నా అని నేను మొత్తుకుంటుంటే, మద్దిలేటి ముఖం క్రమంగా పాలిపోయింది. ట్రైనింగులో ఆ కొలత రాసుకున్నవాడే, కానీ మర్యాద ముందు కొలత గుర్తు రాలేదు. పరుగున వెళ్లి దొర ముందు చేతులు కట్టుకుని ఇంగ్లీషులో ఏదేదో చెప్పాడు. దొర ఒక రాతి మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. మైదానం దగ్గర కారు దిగగానే ఆ ఎత్తు చూశానన్నాడు. నాకు రెండో పిడుగు. మరి ఎందుకు చెప్పలేదని నేనే అడిగాను. ఆయన చెప్పింది మా నాయనకు అర్థం కావాలని మద్దిలేటి తెలుగులో చెబుతూ వచ్చాడు. "ఆయప్ప యాడికి పోయినా, మా తలుపు నీకు చిన్నది, ఏమనుకోవద్దు అంటారంట. తలుపు పెద్దది చేసినోళ్లు ఒక్కరూ లేరంట. మీ ఊరోళ్లు చేసినారు, అందులో బంతి ఎయ్యకుండా యాడికి పోతా అంటాండాడు."

నాయన తువ్వాలు మళ్లీ రాతి మీద పరిచి కూర్చున్నాడు.

దొర లేచాడు. ఈసారి ఎగరలేదు. రెండు చేతులతో బంతిని కాళ్ల మధ్య నుంచి, బావిలోంచి నీళ్లు చేదినట్టు పైకి విసిరాడు. మూడోసారికి అది కట్టు మీద తిరిగి తిరిగి వలలో పడింది. అప్పుడు లేచిన కేక శిరివెళ్ల ముసలమ్మకు కూడా వినబడి ఉంటుంది. వెళ్లే ముందు నాయన ఆయన దగ్గరికి పోయి, "ఈ ఆటాడితే మావోని మోకాళ్లు కూడా ఇట్లే పోతాయా? అడుగు" అన్నాడు మద్దిలేటితో. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొర నన్ను చూశాడు, నాయనను చూశాడు. "పోతాయి" అన్నాడు. అబద్ధం ఒక్కటి చెప్పొచ్చు కదా అని మనసులో ఏడ్చుకున్నాను.

అయిదింటి బస్సులో నాయన దారి పొడుగునా కిటికీలోంచి కాలువ గట్టే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ముందు నాయన లోపలికి వెళ్లాడు. వెనక నేను. రోజూ వినబడే "వంగు" ఆ రోజు వినబడలేదు. ద్వారబంధం నా నుదుటికి ఠంగున తగిలింది. నాయన అదిరిపడి వెనక్కి తిరిగాడు. దీపం తెచ్చి నా నుదురు చూశాడు. "ఆయప్ప అబద్ధమాడల్యా. పోరా మద్రాసుకు. మోకాళ్లు పోయేలోపల ఆట మాని, బడిలో పిల్లోళ్లకు నేర్పు" అన్నాడు. బొప్పి నొప్పికి ఏడుస్తున్నానని చెప్పి ఏడ్చేశాను.

వేసవి సెలవులకు మద్రాసు నుంచి వచ్చి అలవాటు ప్రకారం గుమ్మం ముందు వంగాను. వంగినా ఎప్పుడూ జుట్టుకు రాసుకునే ద్వారబంధం ఈసారి తగల్లేదు. పైకి చూస్తే కొత్త ద్వారబంధం, తాత పెట్టినదానికన్నా రెండు మూర్ల ఎత్తులో. "నాయనా, నాకు జానెడు సాలు గదా, ఇంతెందుకు?" అన్నాను. నాయన నా వైపు చూడకుండా, "నీకని ఎవురు సెప్పినార్రా? ఆ దొర ఎప్పుడన్నా వస్తే?" అన్నాడు. ఆ దొర మళ్లీ ఎప్పుడూ రాలేదు. నా మోకాళ్లు మాత్రం ఆయన చెప్పినట్టే పోయాయి, అయినా నాకు విచారం లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు ఆళ్లగడ్డ వాళ్లు చేసింది తప్పే, కానీ అంత మంచి తప్పు నేను మళ్లీ చూడలేదు. మీలో పొడుగువాళ్లు ఎవరైనా ఈ వైపు వస్తే ఒక్క సలహా: ఆళ్లగడ్డ, శిరివెళ్ల, నంద్యాల, ఎక్కడైనా పాత మిద్దె ఇళ్లల్లోకి వెళ్లేటప్పుడు మరిచిపోకుండా తల వంచండి. మా ఇంటికి వస్తే మాత్రం అక్కర్లేదు.